వాన లేని రోజూ తడిసే గోడ

ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫర్డ్ పక్కన సాల్టైర్ అని ఓ ఊరుంది. ఉన్ని మిల్లు యజమాని టైటస్ సాల్ట్ తన కార్మికుల కోసం కట్టించిన ఊరు. మిల్లు 1853లో తెరిచారు. దాని చుట్టూ 800కు పైగా రాతి ఇళ్లు వరసలు తీరాయి. 2001లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వచ్చినవాళ్లు చాలామంది మిల్లులో డేవిడ్ హాక్నీ చిత్రాలు చూసి వెళ్తారు. నేను వెళ్లింది మా మేనకోడలి ఇంటి గోడ కోసం.

మేడమీద పడకగదిలో పాత పొయ్యి ఉన్నచోట గోడ ముందుకు పొడుచుకొచ్చి ఉంది. దాని లోపలినుంచే పొగగొట్టం కప్పు మీదికి పోతుంది. సీలింగుకు దగ్గరగా టీ రంగు మరక. "రెండుసార్లు రంగు వేయించాం అత్తా, మళ్లీ పైకొస్తోంది. వాన పడని రోజు కూడా చెయ్యి పెడితే తడే" అంది. ఒక కంపెనీ మనిషి వచ్చి, తేమ మీటరు గుచ్చి, తడి పట్టకుండా గోడకు మందు ఎక్కించాలని అంచనా రాసిచ్చి వెళ్లాడట.

ఆ ఉదయం పాత ఇళ్లు బాగుచేసే పెద్దాయన వచ్చాడు. గోడ ముట్టుకోకుండా ముందు వీధిలోకి నడిచి, బైనాక్యులర్‌తో కప్పు చూశాడు. తర్వాత నాకు ఇచ్చాడు. పొగగొట్టం మీది మట్టి కుండీలకు మూతల్లేవు. వాటి మొదట్లో పూసిన సిమెంటు బీటలిచ్చింది. అయినా తొందరపడలేదాయన. అటక ఎక్కి టార్చి వేశాడు. పొగగొట్టం పక్క దూలాలు పొడిగా ఉన్నాయి. పెంకులకూ పొగగొట్టానికీ మధ్య వేసిన సీసం రేకు దగ్గర కారుతుంటే ముందు తడవాల్సినవి ఆ చెక్కలే. దాంతో ఒక అనుమానం తీరింది.

తర్వాత ఆయన అడిగిన ప్రశ్నే నాకు అన్నిటికంటే నచ్చింది: మరక ఏ రోజుల్లో ముదురుతుంది? మేనకోడలు ఆలోచించి, ఇంట్లో బట్టలు ఆరేసిన రోజున, ముసురు పట్టినప్పుడు అని చెప్పింది. మంచు గడ్డకట్టే పొడి చలిలో దాదాపు కనబడదట.

అక్కడే గుట్టు తెలిసింది. ఆ గొట్టంలో తరాల తరబడి బొగ్గు పొగ పోయింది. పొగలోని లవణాలు మసితో కలిసి రాయిలోకీ గచ్చులోకీ ఇంకాయి. వానాకాలంలో జాడీలో ఉప్పు చెమర్చినట్టు, ఆ గోడ గాలిలోని తేమను పీల్చుకుంటోంది. మీటరు కొలిచేది విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందన్నదే. లవణాలున్న గోడ నిజంగా ఉన్న నీటికంటే ఎక్కువ చూపిస్తుంది. కంపెనీ మనిషి కొలిచింది అదే.

మరి లవణాలు గోడ పైకి ఎలా వచ్చాయి? 1956లో గాలి కాలుష్య చట్టం వచ్చాక బొగ్గు పొయ్యిలు క్రమంగా ఆరిపోయాయి. ఈ ఇంట్లో పొయ్యి నోటిని బల్లతో బిగించేశారు, చిన్న రంధ్రం కూడా వదల్లేదు. పైన కుండీ నోరు మాత్రం తెరిచే ఉంది. వాన లోపలికి దిగుతుంది, ఆరబెట్టే గాలి కిందినుంచి లేదు. ఆ తడి మసిలోని లవణాలను కరిగించి గదివైపు తోసుకొచ్చింది. బయట రాళ్ల సందుల్లో సున్నం తీసి సిమెంటు కూరడంతో తడి వెనక్కి పోయే దారీ మూసుకుపోయింది. గానుగ సున్నంతో కట్టిన మన పాత మిద్దెలకు సిమెంటు పూసినప్పుడు జరుగుతున్నదీ ఇదే. చూస్తే బాధేస్తుంది.

చేయాల్సిన పని పెద్దది కాదు. కుండీకి గాలి ఆడే మూత, పొయ్యి బల్లకు జాలీ, బీటల మరమ్మతు, సందుల్లో మళ్లీ సున్నం. లవణాలు పట్టిన గచ్చు చెక్కేసి కొత్తది వేయాలి, ఎందుకంటే అవి రంగు కింద ఊరుకోవు. వారసత్వ ఇల్లు కనుక బయట ఏం మార్చాలన్నా ముందు కౌన్సిల్‌ను అడగాలి.

ఇలాంటి ఇళ్లు కొంటున్న, అద్దెకు దిగుతున్న మనవాళ్లకు ఒక మాట. మందు ఎక్కించే అంచనా మీద వెంటనే సంతకం పెట్టకండి. కొన్ని వారాలు వాన, గాలి దిక్కు, మరక తీరు రాసిపెట్టుకోండి. కప్పునూ అటకనూ చూడని మనిషిని గోడ మీద చెయ్యి వేయనివ్వకండి.