రైసుకూ రైకీ మధ్య

నల్లబల్ల మీద అన్నం గిన్నె బొమ్మ వేసి పక్కనే ఇంగ్లీషు మాట రాశాను. చెప్పండి అన్నాను. ముప్ఫై గొంతులు ఒక్కసారిగా "రై" అన్నాయి. ఇల్లు వేశాను. "హౌ" అన్నాయి. చివర ఏదో తెగిపోతోంది. "రై కాదు, రైసు" అని గట్టిగా పలికి చూపించాను. ముందు బల్లలో పదేళ్ళ పిల్ల నా నోటివంకే తేరిపార చూసి, పక్కపిల్ల చెవిలో ఏదో ఊదింది. ఇద్దరూ కిసుక్కున నవ్వారు. క్లాసయ్యాక తోటి టీచరమ్మని అడిగితే తెగ మొహమాటపడి చెప్పింది: "మీరు మాట అయిపోయాక ఇంకో చిన్న మాట చేరుస్తున్నారట."

అయ్యింది నా ఇంగ్లీషు పని.

కంబోడియాలో కాంపోట్ అని సముద్రపు ఒడ్డు రాష్ట్రం. మిరియాలకు పేరు. ఊళ్ళో నాలుగు రోడ్ల కూడలిలో పెద్ద దురియన్ పండు బొమ్మ నిలబెట్టారు, అదే అందరికీ గుర్తు. ఊరు దాటితే ఉప్పు మడులు. ఎండకు అద్దంలా మెరిసే ఆ మడుల్ని మొదటిరోజు చూసి, ఇంతదూరం వచ్చి మళ్ళీ నెల్లూరు సముద్రం పక్కనే దిగానా అనుకున్నాను. ఒకటే తేడా. ఇక్కడ సముద్రం దక్షిణాన ఉంటుంది, పొద్దు అందులోంచి పుట్టదు.

మాది చిల్లకూరు. గూడూరు పక్కన, హైవే మీద. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో కలిపారు గానీ మా అమ్మ నెల్లూరు జిల్లా అనే రాయిస్తూ వచ్చింది. మా మండలం సముద్రం దాకా పోతుంది: తెల్లటి సిలికా ఇసక, రొయ్యల గుంటలు. నాన్న కూడా అందరితోపాటు టైగరు రొయ్య వేశాడు. వైట్ స్పాట్ జబ్బు వచ్చి తొంభైల నడుమ గుంటలన్నీ తుడిచిపెట్టుకు పోయినప్పుడు మాదీ పోయింది. నేను డిగ్రీ చదివి బ్యాంకు పరీక్ష రాశాను. తెలుగు మీడియం పిల్లని. హైస్కూల్లో చేరేదాకా ఇంగ్లీషు అక్షరాలు నాలుగు వరసగా రాయడం రాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫోను మోగితే బాత్రూముకు పోయేదాన్ని, అవతలివాళ్ళు ఇంగ్లీషు మాట్లాడతారేమోనని. అట్లాంటిదాన్ని స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకుని పరాయి దేశంలో ఇంగ్లీషు చెప్పడానికి బయల్దేరితే, గూడూరు స్టేషనుకు వచ్చిన మా తమ్ముడు రైలు కదిలేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

బయల్దేరకముందు ఒక సంస్థ రెండు వారాలకు వెయ్యి డాలర్లు కట్టమంది. ఊరికే చదువు చెప్పడానికి ఎదురు కట్నమేమిటో అర్థం కాలేదు. ఇంకొకళ్ళు అనాథాశ్రమం చూపించారు, పిల్లలతో ఫొటోలు దిగొచ్చన్నారు. ఈ దేశపు అనాథాశ్రమాల్లో నలుగురిలో ముగ్గురు పిల్లలకు తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ 2011లోనే బయటపెట్టింది. చూడవచ్చే విదేశీయులు ఉన్నంతకాలం అనాథలు తయారవుతూనే ఉంటారు. ఆ పుణ్యం నాకొద్దనుకున్నాను. చివరికి తెలిసినవాళ్ళ ద్వారా దొరికింది ఈ బౌద్ధ విహారం ఆవరణలో నడిచే సాయంత్రం బడి. ఇక్కడ సర్కారు బళ్ళు ఒంటిపూటవే, కొందరికి పొద్దున, కొందరికి మధ్యాహ్నం. ఆ పూట అయిపోయాక తెల్లచొక్కా నీలం లంగాలతోనే సైకిళ్ళెక్కి మా దగ్గరికొస్తారు.

పగలు ఖాళీగా ఉండటమెందుకని టౌన్లో ఒక ప్రైవేటు బడికి కూడా వెళ్ళి అడిగాను. యజమాని నా ముఖం చూసి ఏ దేశమన్నాడు. ఇండియా అన్నాను. "ఓ" అన్నాడు. చివర హల్లు లేదు కాబట్టి శుద్ధంగానే పలికాడు. తల్లిదండ్రులకు తెల్లటి మనిషి కావాలట.

ఆ రాత్రి దోమతెరలో పడుకుని ఆలోచిస్తే నవ్వొచ్చింది. మనది అజంత భాష. మాట హల్లు మీద ఆగిపోతే మనకు ఊపిరాడదు. బస్సు, బుక్కు, లైటు అని కొసన ఒక అచ్చు తగిలిస్తేగానీ నిద్రపట్టదు. ఖ్మేరు సరిగ్గా దీనికి ఎదురు. మాట చివర రాతలో స ఉన్నా పలికేటప్పుడు అది ఉత్త ఊపిరై పోతుంది. చివరి రకారం అసలు వినపడదు, అంగ్‌కోర్ వాళ్ళ నోట్లో "అంగ్‌కో". మన శిష్యుడే ఇక్కడా విద్యార్థి, రాతలో స మీద స ఉంటుంది, పలకడంలో "సెహ్". ఆఖరికి పాముకు కూడా రాతలోనే స. నోట్లోకి వచ్చేసరికి దాని బుస పోయింది.

మర్నాడు పాము బొమ్మ వేశాను. బుస కొట్టించాను. పిల్లలు హాయిగా కొట్టారు, అవతలి గదిలో భిక్షువు తొంగిచూసేంతగా. తర్వాత నా తప్పునే బల్ల మీదికి ఎక్కించాను. "రైసు అనండి, నాలాగే." అన్నారు, నవ్వుతూ. "ఇప్పుడు ఆ చివరి ఉ ని మింగెయ్యండి. పాము మాత్రం మిగలాలి." ముందు బల్ల పిల్ల కళ్ళు మూసుకుని, పెదాలు బిగించి, "రైస్స్స్" అంది. వారం తిరక్కుండా సగం క్లాసుకు వచ్చేసింది. నాకే ఇంకా రాలేదు. మింగడం మరిచిపోతాను. నేను "బుక్కు" అన్నప్పుడల్లా ఆ పిల్ల గొంతు మీద చెయ్యి పెట్టుకుని గుటక వేసి చూపిస్తుంది.

తెల్లటి మనిషి ఈ పాఠం చెప్పగలడా? చెప్పలేడనే నా గర్వం. అతనికి "రైస్" పుట్టుకతో వచ్చింది, అది కష్టమని తెలియదు. కాకపోతే వకారం దగ్గర నా గర్వం అణిగింది. ఇంగ్లీషులో రెండు వకారాలున్నాయి, నాకూ ఈ పిల్లలకూ ఒక్కటే. దానికి ఫోనులో వేరేవాళ్ళ గొంతు పెట్టి, నేనూ బల్లలో కూర్చుంటాను.

కుదురుకోవడం మిగతా విషయాల్లో తేలికే. టీచరును "క్రూ" అంటారు, గురువే. ఆడవాళ్ళమైతే "నెయాక్ క్రూ". బడి "సాలా". పేరు పెట్టి ఎవరూ పిలవరు, పెద్దయితే "బాంగ్", చిన్నయితే "ఊన్", అక్కా తమ్ముడూ అన్నట్టే. ఎదురుపడితే "ఞాం బాయ్ హాయ్ రూ నౌ?" అంటారు, అన్నం తిన్నావా అని. ఫోనులో మా అమ్మ మొదటి మాటా అదే: "తిన్నావా మే? ఆడ ఏం తింటుండావు?" ప్రహోక్ అని చేపల్ని ఉప్పేసి ఊరబెట్టి ముద్ద చేస్తారు, దాని వాసనకు విదేశీయులు పారిపోతారు. ఎండుచేపల బజారులో పెరిగినదానికి నాకేం? లెక్కల దగ్గరే తడబడ్డాను. ఐదు దాకా పేర్లున్నాయి, ఆరంటే ఐదూ ఒకటి, ఏడంటే ఐదూ రెండు. దానికి తోడు డాలరుకు దాదాపు నాలుగు వేల రియల్. రెండు డబ్బులూ ఒకే సంచిలో. పాతికేళ్ళ బ్యాంకు ఉద్యోగం కూరగాయల దగ్గర ఎందుకూ పనికిరాలేదు.

విహారంలో పూజాదికాలు చూసే పెద్దాయన్ని "ఆచార్" అంటారు. మన ఆచార్యుడే. డెబ్భైకి దగ్గరగా ఉంటాడు. నెమ్మదైన ఇంగ్లీషు. ఎక్కడ నేర్చుకున్నారంటే, ఎనభైలలో రాత్రిపూట నూనెదీపం దగ్గర, దొంగతనంగా అన్నాడు. అప్పుడు బళ్ళో వియత్నామీస్, రష్యన్ చెప్పేవాళ్ళు, ఇంగ్లీషు పనికిరాదు. అడుగుల చప్పుడైతే కాగితాలు చాప కిందికి పోయేవట. అంతకు ముందటి నాలుగేళ్ళ గురించి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. వచ్చిన కొత్తలో ఫ్నోం పెన్‌లో తువోల్ స్లెంగ్ చూశాను. 1975 దాకా అది హైస్కూలు, తర్వాత జైలు. తరగతి గదుల్లో ఇటుకలతో అడ్డుగోడలు కట్టి మనిషి పట్టేంత కొట్లు చేశారు. ఆచార్ సాయంత్రాలు మా క్లాసు వెనక గోడకు ఆనుకుని కూర్చుంటాడు, సుద్దముక్కలు తనే కొని తెస్తాడు.

ఒకరోజు పిల్లలు మీ ఊరి పేరు మీ భాషలో రాయమన్నారు. రాశాను. గది నిశ్శబ్దమైపోయింది. వాళ్ళ లిపీ మన లిపీ దూరపు చుట్టాలు, రెండూ దక్షిణ భారతం నుంచే కదిలాయి. తేదీ ఉన్న తొలి ఖ్మేరు శాసనం క్రీ.శ. 611 నాటిది, మన కలమళ్ళ శాసనం 575 ప్రాంతపుది. ఇదంతా చెప్పబోతుంటే ముందు బల్ల పిల్ల లేచి వచ్చి ల కింద వేలు పెట్టి "చెంగ్!" అని అరిచింది. చెంగ్ అంటే కాలు. వాళ్ళు ఒత్తుల్ని కాళ్ళంటారు. వరసగా అక్షరాలన్నిటి కిందా వేలితో వెతికింది.

"మీ ఊరికి ఒక్క కాలేనా, నెయాక్ క్రూ?"

"ఒక్కటే."

జాలిపడినట్టుంది. నోట్సులో దాన్ని చూసి రాసుకుంటూ, కూ కింద కూడా అదే కాలు ఇంకోటి గీసి రంగు పెన్సిలుతో దిద్దింది. ఫొటో తీసి అమ్మకు పంపాను. కాసేపటికి ఫోనొచ్చింది.

"ఏందే ఇది, చిల్లక్లూరు అని ఉండాది? నోరు తిరగతా లేదే!"