నిండుసున్న

మన భాషలో సున్నకు ఉన్న మర్యాద మన ఇళ్ళల్లో లేదు.

పద్దెనిమిదేళ్ళుగా కాలేజీలో తెలుగు చెప్పుకుని బతుకుతున్నదాన్ని కనక ఈ సంగతి కాస్త ధైర్యంగానే అంటున్నాను. మనకు సున్నలు రెండు: అరసున్న, నిండుసున్న. అరసున్న పలకదు. అయినా పెద్దలు చాలాకాలం దాన్ని వదలకుండా వ్రాశారు, అక్కడ ఒకప్పుడొక ముక్కుపలుకు ఉండేదని గుర్తుగా. ఇక నిండుసున్న సంగతి చెప్పనే అక్కర్లేదు. ‘పంట’లోంచి దాన్ని తీసేస్తే ‘పట’ మిగులుతుంది. ‘బంతి’లోంచి తీసేస్తే అర్థమున్న ముక్క ఒక్కటీ మిగలదు. సున్నని పట్టుకుని ‘నిండు’ అని పిలుచుకున్న జాతి మనది! అదే సున్న పిల్లవాడి మార్కుల కాయితంలో కనిపించిందా, ఆ పూట ఇంటిల్లిపాదికీ అన్నం సహించదు.

ఈ సున్నల పురాణం ఇప్పుడెందుకంటే, లోకంలో దేశానికీ దేశానికీ మధ్య జరిగిన మొట్టమొదటి అధికారిక ఫుట్‌బాల్ పోటీ సున్నకు సున్నగా ముగిసింది. 1872 నవంబరు 30న, విక్టోరియా రాణిగారి హయాంలో, గ్లాస్గో పక్కనున్న పార్టిక్‌లో స్కాట్లండుకీ ఇంగ్లండుకీ జరిగిన ఆట అది. ఒక్క గోలైనా పడలేదు. అయినా 150 ఏళ్ళు దాటాక కూడా దాని గురించి వ్రాస్తూనే ఉన్నారు, నాబోటివాళ్ళు చదువుతూనే ఉన్నారు.

తెలుగు మేష్టారమ్మకి ఫుట్‌బాల్‌తో ఏం పనని మీరు అడగవచ్చు. పని మా పెద్దవాడు కల్పించాడు.

వాడు పదో తరగతి. స్కూలు జట్టులో గోల్‌కీపరు. మా మావగారి భాషలో చెప్పాలంటే, “తను గోలు వెయ్యడు, ఇంకొకళ్ళని వెయ్యనివ్వడు.” పోయిన కార్తీకమాసంలో, తుపాను వాన వెలిసిన మర్నాడు, పక్క ఊరి స్కూలుతో ఆడి ఒళ్ళంతా బురదతో ఇంటికొచ్చాడు.

“ఎవరు గెలిచార్రా?” అన్నారు మావగారు వాలుకుర్చీలోంచి.

“ఎవరూ గెలవలేదు తాతయ్యా. సున్నకి సున్న.”

“మరి గంటసేపు ఏం చేసినట్టు?”

మావారు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు. ఆయన పేపరు మడిచారంటే తీర్పు రాబోతోందని మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. “సున్న కోసం ఇంత బురద పూసుకోవాలా? ఈ ఏడు పబ్లిక్ పరీక్షలు. రేపట్నించి సాయంత్రాలు ఆట కట్టిపెట్టి లెక్కల ట్యూషనుకి వెళ్ళు,” అన్నారు.

వాడు ఎదురు చెప్పలేదు. పెరట్లో కుళాయి కింద బూట్లు కడుక్కున్నాడు. ఎప్పుడూ గుమ్మంలో అందరి కాళ్ళకీ అడ్డం వదిలేసే ఆ బూట్లని తుడిచి, కాయితం చుట్టి, నిచ్చెన వేసుకుని అటక మీద పెట్టాడు. పోట్లాడే పిల్లాడితో నేను వేగగలను. మాట్లాడకుండా సర్దేసుకునే పిల్లాణ్ణి చూస్తే నాకు భయం. ఆ రాత్రి వాడు రెండుసార్లు పిలిస్తేగాని అన్నానికి రాలేదు.

మావారి మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. పరీక్షలు నిజమే, లెక్కల్లో వాడికి వచ్చే మార్కులూ నిజమే. ఏం చెప్పాలో తోచనప్పుడు పుస్తకాల బీరువా దగ్గరికి పోవడం మా వృత్తివాళ్ళకున్న జబ్బు. మా కాలేజీ లైబ్రరీలో ఆటల పుస్తకాలున్న బీరువా ఒకటుంది. అందులో నాకు ఈ పార్టిక్ ఆట దొరికింది. చదువుతూ పోయినకొద్దీ, ఇదేదో మా ఇంటి గొడవే ముందుగా అక్కడ జరిగినట్టు అనిపించింది. వారం రోజులపాటు రాత్రి భోజనాల దగ్గర విడతలు విడతలుగా, సీరియల్ నవల మాదిరిగా చెప్పాను.

అంతకుముందు ఇంగ్లండులో ఒక్కొక్క స్కూలుది ఒక్కొక్క ఆట. ఒకచోట బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తవచ్చు. ఇంకోచోట అలా చేస్తే తప్పు. 1863లో లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ పుట్టి ఒక నిబంధనల పట్టీ తయారుచేసింది. దానికి కార్యదర్శిగా వచ్చిన చార్లెస్ ఆల్‌కాక్ అనే ఆయన ఊరుకునే రకం కాదు. ఇంగ్లండుకీ స్కాట్లండుకీ పోటీ పెడతానని 1870 నుంచి 1872 దాకా లండన్‌లోని ఓవల్ మైదానంలో 5 ఆటలు జరిపించాడు. వాటిలో స్కాట్లండు తరఫున ఆడినవాళ్ళు ఎక్కువగా లండన్‌లో కాపురాలున్నవాళ్ళే. ఒక్కటీ స్కాట్లండు గెలవలేదు. అసలు స్కాట్లండులో ఉన్నవాళ్ళు ఆడకుండా ఇదేం పోటీ అన్న మాట ఉండనే ఉంది. ఆల్‌కాక్ స్కాచి పత్రికలకి ఉత్తరాలు వ్రాసి, రండి ఆడదామని పిలిచాడు.

అప్పటికి స్కాట్లండుకి సొంత ఫుట్‌బాల్ సంఘమే లేదు. అది 1873లో గాని పుట్టలేదు. సవాలు అందుకున్నది గ్లాస్గోలో 1867లో మొదలైన క్వీన్స్ పార్క్ అనే ఒక క్లబ్బు. దేశం పేరు మీద దిగిన 11 మందీ ఆ ఒక్క క్లబ్బువాళ్ళే. ఈ క్లబ్బువాళ్ళ సంగతొకటి చెప్పాలి. అదే సంవత్సరం మార్చిలో వీళ్ళు ఇంగ్లండు కప్పు సెమీఫైనల్‌కి లండన్ వెళ్ళి, వాండరర్స్ జట్టుతో సున్నకి సున్న ఆడారు. మళ్ళీ ఆడాలంటే మళ్ళీ అంతదూరపు ప్రయాణం, మళ్ళీ ఖర్చు. అంత డబ్బు లేక పోటీలోంచి తప్పుకున్నారు. చివరికి ఆ కప్పు వాండరర్స్‌కే వెళ్ళింది.

ఇక్కడ మా మావగారు కంచంలో చెయ్యి ఆపారు. ముప్ఫయ్యేళ్ళు గుమాస్తాగిరీ చేసి రిటైరైన మనిషి. “రైలు చార్జీలు లేకనా! పాపం,” అన్నారు. ఆ క్షణం నుంచీ ఆయన స్కాట్లండు పక్షం.

ఆట రోజు శనివారం. స్కాట్లండువాళ్ళకి ఆంద్రూ మహర్షి పండుగ కూడా. మైదానం అద్దెకి తీసుకున్నది; నిజానికి అది క్రికెట్ మైదానం. మూడు రోజులుగా వాన కురిసి నేల బరువెక్కింది. టిక్కెట్టు ఒక షిల్లింగు. సుమారు 4,000 మంది వచ్చారు. రెండు గంటలకి మొదలవ్వాల్సిన ఆట 20 నిమిషాలు ఆలస్యమైంది. స్కాట్లండువాళ్ళవి ముదురు నీలం చొక్కాలు, ఎర్ర కుళ్ళాయిలు; ఇంగ్లండువాళ్ళవి తెల్ల చొక్కాలు, టోపీలు. గోలు స్తంభాల మీద అడ్డుకొయ్య లేదు. ఒక నాడా కట్టి ఉండేది. వెనక వల లేదు. పెనాల్టీ కిక్ అనే మాట ఇంకా పుట్టనే లేదు. పిలిచిన ఆల్‌కాక్‌కి మాత్రం దెబ్బ తగిలి ఆడే అదృష్టం లేక అంపైరుగా నిలబడ్డాడు.

ఫోటో తీద్దామని ఒకాయన వచ్చాడట. ప్రతులు కొంటామని మీరు మాటిస్తేనే తీస్తానన్నాడు. ఎవరూ మాటివ్వలేదు. అంచేత ఆ చారిత్రకమైన ఆటకి ఫోటో లేదు. ‘గ్రాఫిక్’ అనే వారపత్రికలో విలియం రాల్‌స్టన్ వేసిన బొమ్మలే ఈనాటికీ దిక్కు. “పెళ్ళిళ్ళలో మనవాళ్ళూ అంతేగా,” అంది మా అత్తగారు.

ఇంగ్లండు జట్టుకి నాయకుడు కత్‌బర్ట్ ఆటవే, ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి. వాళ్ళు స్కాట్లండువాళ్ళకన్నా మనిషికి సగటున రెండు స్టోన్లు, అంటే సుమారు 13 కిలోలు, ఎక్కువ బరువున్నారని అప్పటి పత్రికలు వ్రాశాయి. పరుగులోనూ వాళ్ళదే పైచెయ్యి. ఎనిమిదిమంది ముందువరసలో, ఒకడు మధ్యన, ఒకడు వెనక. వాళ్ళ పద్ధతేమిటంటే, బంతి దొరికినవాడు దాన్ని కాలితో తోసుకుంటూ ఒంటరిగా దూసుకుపోవడం. తక్కినవాళ్ళు, వాడి దగ్గర్నించి జారితే అందుకుందామని వెంట పరుగెత్తడం. ఎవడి ప్రతాపం వాడిది. బరువున్నవాడికి అది చెల్లుతుంది.

బక్కవాళ్ళకి చెల్లదు కదా! క్వీన్స్ పార్క్‌వాళ్ళు ముందు ఆరుగుర్నే పెట్టుకుని, మధ్య ఇద్దర్నీ వెనక ఇద్దర్నీ ఉంచారు. తొమ్మిది క్లబ్బుల నుంచి ఏరి తెచ్చిన ఇంగ్లండువాళ్ళలా కాక, వీళ్ళు రోజూ కలిసి ఆడేవాళ్ళు. ఒకరి మనసులో ఏముందో ఒకరికి తెలుసు. దారి మూసుకుపోతే బంతిని తోటివాడికి అందించారు. ఈ జట్టు బలమంతా కలిసి ఆడడంలోనే ఉందని గ్లాస్గో పత్రిక మెచ్చుకుంది. ఒకసారి లెకీ అనే స్కాచి ఆటగాడు కొట్టిన బంతి వెళ్ళి స్తంభాల మీది నాడా మీద పడింది. వేళ్ళెడు కిందికి వచ్చి ఉంటే చరిత్ర వేరేగా ఉండేది.

“మరి గోల్‌కీపర్లో?” అన్నాడు మావాడు. వారం రోజుల్లో వాడు అడిగిన మొదటి మాట అది.

చెప్పాను. చేత్తో బంతి పట్టుకునే హక్కున్న గోల్‌కీపర్ అనే ఆసామీ నిబంధనల్లోకి వచ్చిందే 1871లో. అంటే ఆ ఉద్యోగానికి అప్పటికి ఏడాది వయసు. స్కాట్లండు గోల్‌కీపరు రాబర్ట్ గార్డ్‌నరే వాళ్ళ నాయకుడు. ఆయన ఆట మధ్యలో గోలు రాబర్ట్ స్మిత్‌కి అప్పగించి తను ముందుకెళ్ళి ఆడాడు. అవతలవైపు బార్కర్ కూడా అంతే. మేనార్డ్‌ని గోల్లో నిలబెట్టి తను పరుగెత్తాడు. ఇంతమంది ఇన్నివిధాలుగా కాపలా కాస్తే నిలిచినవి ఆ రెండు సున్నలు. అవి ఊరికే పడి ఉన్న సున్నలు కావు, గంటన్నరసేపు కష్టపడి కాపాడుకున్నవి.

వాడు కూచున్న పీట మీద నిటారుగా అయ్యాడు. “నాయకుడే గోల్‌కీపరా!” అన్నాడు.

మావారు అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. “లెక్కల పరీక్షలో సున్న వచ్చినా దాన్నిలాగే నిండుసున్న అంటావా?” అన్నారు నావంక చూసి.

“అననండీ. పరీక్షలో సున్న వచ్చిందంటే మనం ఆడనట్టు. ఆటలో సున్న వచ్చిందంటే ఇద్దరూ బాగా ఆడినట్టూ కావచ్చు. రెండింటికీ అంకె ఒకటే. అందుకే అంకె చూసి ఊరుకోకుండా ఎలా ఆడావని కూడా అడగమంటున్నాను,” అన్నాను.

ఆయన చాలాసేపు మజ్జిగన్నం కలుపుకున్నారు. చివరికి లెక్కల మేష్టారితో తనే మాట్లాడి, ట్యూషను తెల్లవారుఝామున అయిదున్నరకి మార్పించారు. వాణ్ణి ఆ వేళకి లేపడం నా వంతు. మొదటి రోజు వాడు లేవడానికి పెట్టిన పేచీ విని నా ప్రాణం కుదుటపడింది. పరీక్షల్లో ఏమవుతుందో వాడి చేతిలో, లెక్కల చేతిలో ఉంది. దానికి నేను పూచీ ఉండను.

ఆ తర్వాత కథ కూడా పాఠకులకు చెప్పవలసిందే. మరుసటి ఏడు 1873 మార్చి 8న ఓవల్లో ఇంగ్లండు 4–2తో గెలిచింది. దేశాల మధ్య అధికారికమైన ఆటల్లో మొట్టమొదటి గోలు అక్కడే పడింది. వేసినవాడు విలియం కెన్యన్–స్లేనీ అనే సైనికాధికారి. పుట్టింది మన రాజ్‌కోట్‌లో, 1847లో. స్కాట్లండు మొదటి గోలు కూడా ఆనాడే. వేసిన హెన్రీ రెనీ–టేల్యూర్ పుట్టింది మన ముస్సోరీలో, 1849లో. ఇద్దరూ దొరల బిడ్డలే. మనం మీసాలు మెలివెయ్యడానికేమీ లేదు. అయినా ఆ ఊళ్ళ పేర్లు కనపడగానే నేను పుస్తకం మూసి ఓ క్షణం నవ్వుకున్నాను.

ఆ బక్కవాళ్ళ విద్య వృథా పోలేదు. 1872 నుంచి 1887 దాకా ఈ రెండు దేశాలూ 16 ఆటలు ఆడితే స్కాట్లండు 10 గెలిచింది, ఇంగ్లండు 2 గెలిచింది, 4 సమానమయ్యాయి. బంతిని తోటివాడికి అందించడం క్రమంగా ఇంగ్లీషువాళ్ళూ నేర్చుకున్నారు. ఇప్పుడు లోకమంతా ఆడేది ఆ ఆటే. ఈ రెండు జట్ల మధ్య మళ్ళీ సున్నకి సున్న రావడానికి మాత్రం 1970 దాకా ఆగవలసి వచ్చింది.

ఇదంతా విని మా చిన్నది, ఎనిమిదేళ్ళది, ఒక ప్రశ్న వేసింది: “ఒక్క గోలైనా పడలేదు కదమ్మా, ఆ నాలుగువేలమందీ షిల్లింగులు వెనక్కి ఇచ్చెయ్యమనలేదా?”

అనలేదు తల్లీ. 1874లో మళ్ళీ అదే మైదానంలో ఆట పెడితే ఇంకా ఎక్కువమంది వచ్చారు. ఈసారి స్కాట్లండు 2–1తో గెలిచింది.