జేబులో ఉన్నది

ఈ నెల నేను రాసేది బోధ కాదు, నా ఒప్పుకోలు.

మా నాగిరెడ్డిపేట వైపు ఎందరో స్త్రీలు బీడీలు చుట్టి కుటుంబాలను పోషిస్తారు. నాలుగేండ్ల క్రితం మా సంఘంలోని ఒక అవ్వ ఇంటికి ప్రార్థనకు వెళ్లాను. ఆమె చెంపలో తంబాకు పెట్టుకొనే బీడీలు చుడుతున్నది. "అవ్వా, అది నోటి క్యాన్సర్ తెస్తుంది, మానుకో" అన్నాను. ఆమె చాట మీదినుండి తల ఎత్తకుండానే, "నేను మానుత గని అయ్యగారూ, మీ అంగి జేబుల ఉన్నదాన్ని ఎవరు మానాలె?" అన్నది.

నా జేబులో తంబాకు పొట్లం, సున్నం డబ్బీ ఉన్నవి. వేదాంత డిప్లొమా చదివే రోజుల్లో రాత్రి నిద్ర ఆపుకోవడానికి మొదలైన అలవాటు అది. పద్దెనిమిదేండ్లుగా నోరు పుక్కిలించుకొని ప్రసంగానికి నిలబడుతున్నాను. ఎవరికీ తెలియదనుకున్నాను.

ఆ సాయంత్రం మోకాళ్లూని ఏడ్చి, పొట్లాన్ని పొయ్యిలో వేశాను. మూడు రోజులు తలనొప్పి, నిద్ర లేదు. పిల్లల మీద అరిచాను. ఆదివారం ప్రసంగం మధ్యలో మాట మరచిపోయి నిలబడ్డాను. నాలుగో రోజు మళ్లీ దుకాణం ముందు ఉన్నాను. నాకు విశ్వాసమే లేదని కుమిలిపోయాను.

నా భార్య పట్టుబట్టి ఎల్లారెడ్డిలో డాక్టరు దగ్గరికి తీసుకొని వెళ్లింది. "అయ్యగారూ, ఇది భక్తి కొరత కాదు. మీ మెదడు నికోటిన్‌కు అలవాటు పడింది. క్యాన్సర్ తెచ్చేవి ముఖ్యంగా పొగాకులోని వేరే విషాలు. ఆ విషాలు లేకుండా నికోటిన్ మాత్రం కొద్దిగా ఇచ్చి, మెల్లగా తగ్గిస్తాం" అని, 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ రాసిచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనూ, మన దేశం 2022లోనూ ఇలాంటి మందులను అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చాయి.

దీన్ని మామూలు గమ్‌లాగా నమలరాదు. మెల్లగా నమిలి, కారం తగలగానే ఆపి, చెంపకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. కారం తగ్గితే మళ్లీ నమలాలి. ఇలా అరగంట. గబగబా నమిలి మింగితే వెక్కిళ్లు వస్తాయి. పావుగంట ముందునుండీ, నోట్లో ఉన్నంతసేపూ చాయ్ తాగరాదు. నాకు అన్నిటికంటే కష్టమైంది అదే! తంబాకు మాత్రం మళ్లీ ముట్టరాదు. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వాడరాదు.

రోజుకు కొన్ని చొప్పున తగ్గిస్తూ పన్నెండు వారాల్లో గమ్ కూడా ఆపేశాను. అయితే గమ్ ఒక్కటే నన్ను గట్టెక్కించలేదు. ఒక ఆదివారం సంఘం ఎదుట నిజం చెప్పాను. ఒక పెద్ద లేచి బయటికి వెళ్లిపోయారు. ఆ రాత్రి ఇద్దరు యువకులు మా ఇంటికి వచ్చి, తమ గుట్కా పొట్లాలు బల్ల మీద పెట్టారు. ముగ్గురం కలిసి ప్రార్థించుకున్నాం. మరునాడు 1800-112-356కు ఫోన్ చేశాం. పొగాకు మానేవారికి ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు అది.

లూకా వైద్యుడని మనకు తెలుసు. మందు తీసుకోవడం ప్రార్థనను కాదనడం కాదని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఇక అవ్వ సంగతి. ఆమెకు పండ్లు లేవు, గమ్ నమలలేదు. బీపీ కూడా ఉన్నది. డాక్టరు పరీక్షించి చప్పరించే నికోటిన్ బిళ్లలు రాశారు. రోజంతా తంబాకు చాట ముందు కూర్చొని తంబాకు మానడం నా పోరాటం కంటే పెద్దది. రెండుసార్లు జారిపోయింది. ఇది మూడోసారి.

నేను మానేసి మూడేండ్లు దాటింది. అవ్వకు నిన్నటికి పదకొండు రోజులు. మీ ప్రార్థనలలో ఆమెను జ్ఞాపకం చేసుకోండి. మీ జేబులో ఏమున్నదో కూడా ఒకసారి చూసుకోండి.