మధ్యలో తిరిగొచ్చిన ఎల్డర్

మిషన్, అంటే ఇల్లు వదిలి చేసే రెండేళ్ల మత ప్రచారం, పూర్తి చేయకుండా తిరిగొచ్చినవాణ్ని నేను. మా మోర్మన్ క్రైస్తవ సంఘంలో ఈ సంగతి ఎవరూ పైకి చెప్పుకోరు. రెండేళ్లు ముగించుకుని వచ్చినవాళ్లను వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పిస్తారు. మధ్యలో వచ్చినవాళ్లు వెనక వరుసలో కూర్చుంటారు. ఆ వరుసలోంచి ఒకడు రాయాలి కదా అని రాస్తున్నాను.

నా చిన్నప్పుడే అమ్మానాన్నలు హైదరాబాద్‌లో ఈ చర్చిలో చేరారు. ఆ రోజు నుంచే చర్చి నియమం ప్రకారం ఇంట్లో టీ, కాఫీ బంద్. 2012లో మన దేశంలో మొదటి స్టేక్, అంటే కొన్ని సంఘాలు కలిసిన విభాగం, హైదరాబాద్‌లోనే ఏర్పడింది. అదే ఏడాది మగపిల్లలు మిషన్‌కి వెళ్లే వయసును 19 నుంచి 18కి తగ్గించారు. దాంతో ఇంటర్ అయిన ప్రతి కుర్రాణ్నీ "ఎప్పుడు వెళ్తున్నావురా?" అని అడగడం మొదలైంది. 2016లో నాకు పిలుపు వచ్చింది. ఎక్కడికి వెళ్లాలో మనం కోరుకోలేం, సాల్ట్‌లేక్ సిటీలోని పెద్దలే నిర్ణయిస్తారు. వచ్చిన ఉత్తరంలో అమెరికాలోని నెబ్రాస్కా అని ఉంది. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ వినలేదు.

అమెరికా అనగానే మనకు తట్టే భవంతులు నేను తిరిగిన ఊళ్లలో లేవు. ఊరికి ఒకటే పెద్ద వీధి, ధాన్యం నిల్వచేసే ఎత్తైన గోదాము, ఒక పెట్రోలు బంకు, రెండు మూడు చర్చిలు. చుట్టూ కనుచూపు మేర మొక్కజొన్న. కోత అయ్యాక దంటు మోళ్లు, వాటి మీద గాలి.

అప్పట్లో మా నియమాలివి: పొద్దున ఆరున్నరకు లేవాలి, రాత్రి పదిన్నరకు పడుకోవాలి. తెల్ల చొక్కా, టై, గుండె మీద నల్ల నేమ్ ట్యాగ్. దాని మీద సొంత పేరుండదు, మగ మిషనరీలను పిలిచే ఎల్డర్ అన్న మాట పక్కన ఇంటిపేరే ఉంటుంది. స్నానాల గదిలో తప్ప ఎక్కడికెళ్లినా కంపానియన్, అంటే జతగా ఉండే మరో మిషనరీ, పక్కనే ఉండాలి. సినిమాలు, టీవీ లేవు. సోమవారం లైబ్రరీకి వెళ్లి ఇంటికి ఈమెయిలు రాసుకోవచ్చు. ఫోను మాత్రం ఏడాదికి రెండే సార్లు, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ.

అక్కడివాళ్లు ఎక్కువగా లూథరన్లు, క్యాథలిక్కులు. జర్మనీ నుంచీ చెక్ ప్రాంతాల నుంచీ వలస వచ్చిన రైతుల మనవలు. తిట్టినవాళ్లు తక్కువ. "మాకు మా చర్చి ఉంది బాబూ" అని నవ్వుతూనే తలుపేసేవాళ్లు. కొందరు నా వైపు చూడకుండా నా కంపానియన్‌తోనే మాట్లాడేవాళ్లు. ఒక ముసలి రైతు మాత్రం, వాకిట్లో మంచు ఎత్తిపోసినందుకు మమ్మల్ని లోపలికి పిలిచాడు. మతం గురించి ఒక్క ముక్క వద్దన్నాడు. చక్రాల మీద పొలమంతా గుండ్రంగా తిరుగుతూ నీళ్లు చల్లే పొడవాటి పైపుల గురించీ, ఏటేటా కిందికి పోతున్న భూగర్భజలం గురించీ చెప్పాడు. ఖమ్మం వైపు మా తాతదీ మొక్కజొన్నే అన్నాను. ఎకరానికి ఎంత దిగుబడి అని అడిగాడు. ఆ ఊళ్లో నన్ను నా గురించి అడిగినవాడు అతనొక్కడే.

చలికాలం వచ్చేసరికి నాకు నిద్ర కరువైంది. మైనస్ ఇరవై చలిలో ఇల్లిల్లూ తిరిగి వచ్చి, పక్క మీద కళ్లు తెరుచుకుని పడుకునేవాణ్ని. అన్నం సయించేది కాదు. ఏడుపు వినపడకుండా బాత్‌రూంలో కుళాయి తిప్పుకునేవాణ్ని. మా వాళ్లు ప్రతి కష్టానికీ వింటర్ క్వార్టర్స్ కథ చెబుతారు. 1846లో ఇల్లినాయి నుంచి తరిమేస్తే మోర్మన్లు ఇప్పటి ఒమాహా దగ్గర గుడిసెలు వేసుకుని చలికాలం గడిపారు. జబ్బులతో, తిండి చాలక వందల మంది పోయారు. అక్కడి శ్మశానంలో బిడ్డను పూడ్చిన గోతి పక్కన నిలబడ్డ తల్లిదండ్రుల విగ్రహం ఉంటుంది. "వాళ్లే ఓర్చుకున్నారు, మనమెంత?" అని దాని ముందు ఒక పెద్దాయన అన్నారు. ఆ మాట విన్నాక నా జబ్బు సంగతి ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు. విశ్వాసం చాలకే ఇలా ఉన్నానని ఉపవాసాలు పెంచాను. ఇంకా నీరసించాను.

క్రిస్మస్ రోజు ఫోన్‌లో అమ్మ "తిన్నావా నాన్నా?" అంది. "తిన్నానమ్మా, అంతా బాగుంది" అన్నాను. నేను మాట్లాడుతున్న వంటగది నిండా జనం, ఇంకేం చెబుతాను?

హైవే మీద ఎదురొచ్చే లారీలను చూసి రాకూడని ఆలోచన వచ్చిన రోజు, నా తీరు చూసి నా కంపానియన్ కారు పక్కకు ఆపాడు. ఐడహో రైతుబిడ్డ, నా ఈడువాడే. నేను నోరు విప్పకముందే మిషన్ ప్రెసిడెంటు భార్యకు ఫోన్ చేశాడు. ఆమె నన్ను తిట్టలేదు. అదే వారం డాక్టరుకు చూపించారు. కొన్నాళ్లకు నన్ను ఇంటికి పంపారు.

అనారోగ్యం వల్లే వచ్చాడు, గౌరవంగానే విడుదల చేస్తున్నామని స్టేక్ ప్రెసిడెంటు చెప్పారు. అయినా చర్చి మెట్ల మీద వినపడ్డ ప్రశ్న వేరు: "ఏం తప్పు చేశాడట?" నియమాలు మీరినవాళ్లనూ మధ్యలోనే పంపేస్తారు కాబట్టి అందరినీ అదే గాటన కట్టేస్తారు. అమ్మ చాలా ఆదివారాలు ఒంట్లో బాగాలేదని ఇంట్లోనే ఉండిపోయింది. నాకు డిప్రెషన్ అని డాక్టర్ తేల్చారు. నెలల తరబడి మందులు వాడాను, తేరుకున్నాను. ఉద్యోగం చేస్తున్నాను. ఇప్పటికీ ఆ చర్చికే వెళ్తున్నాను.

2019 ఫిబ్రవరి నుంచి మిషనరీలు వారం వారం ఇంటికి ఫోన్ చేసుకోవచ్చు. మంచి మార్పే. కానీ పక్కన జనం ఉండగా చేసే ఫోనులో ఏ కొడుకూ నిజం చెప్పడు. మీ పిల్లవాడు మిషన్‌లో ఉన్నా, దూరంగా హాస్టల్లో ఉన్నా, వాడు ఒంటరిగా మాట్లాడే వీలు కల్పించండి. మధ్యలో తిరిగొస్తే కారణం తర్వాత అడగండి. ముందు అన్నం పెట్టండి, అవసరమైతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.