ఉచితము – ఔచిత్యము

సంస్కృతంలో 'ఉచితం' అంటే తగినది, యోగ్యమైనది అని అర్థం. 'ఔచిత్యం' అనే మాట దాని నుంచి పుట్టినదే. పదకొండవ శతాబ్దికి చెందిన కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యానికి ప్రాణమని ప్రతిపాదిస్తూ 'ఔచిత్య విచార చర్చ' అనే గ్రంథం రచించాడు. అంతటి గౌరవం గల పదం తెలుగువారి నోట క్రమంగా 'వెల లేనిది' అనే అర్థాన్ని సంతరించుకొన్నది. నేడు మనం 'ఉచితం' అనగానే అది తగినదా కాదా అని ఆలోచించము; డబ్బు ఇవ్వనక్కరలేదు గదా అని సంతోషిస్తాము. పదం అర్థం మారినప్పుడు దానిని పలికే మనిషి మనస్సు కూడా కొంత మారుతుందేమోనని నాకు అనుమానం.

ఈ అనుమానం నాకు కలిగినది కావ్యపాఠం చెప్పేటప్పుడు కాదు, కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు. సాహిత్యం చదువుకొన్నవాడికి సాఫ్ట్‌వేర్‌తో ఏమి పని అని విద్యార్థులు నవ్వవచ్చు. కాని ఈనాడు పద్యం అచ్చు కావాలన్నా, గజల్ అచ్చు కావాలన్నా ఎవరో వ్రాసిన ప్రోగ్రామును ఆశ్రయించక తప్పదు. ఆ వ్రాసినవారు ప్రతిసారి పెద్ద సంస్థే కానక్కరలేదు. తన ఇంటిలో, తీరిక వేళల్లో, ఒంటరిగా శ్రమించి ప్రోగ్రాము వ్రాసి లోకానికి అందించే స్వతంత్ర రచయితలు ఎందరో ఉన్నారు. వారిలో చాలామంది ఒకే కృతిని రెండు రూపాలలో ఇస్తారు. ఒకటి ఉచితం, రెండవది వెలకు. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలి? గీసిన గీతను మనం ఎంతవరకు గౌరవించాలి? ఇదే ఇక్కడ విచారణీయాంశం.

ఆంగ్లంలో 'ఫ్రీ' అన్న ఒక్క మాటే వెల లేకపోవడాన్ని, స్వేచ్ఛను కూడా చెబుతుంది. 1985లో రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం ఒక సంస్థను స్థాపించినప్పటి నుంచి, తాను అడిగేది స్వేచ్ఛను గాని వెల లేకపోవడాన్ని కాదని పదే పదే వివరించవలసి వచ్చింది. మన కళాశాలలో వినిపించే రెండు భాషలకూ ఆ చిక్కు లేదు. ఉర్దూలో ముఫ్త్ వేరు, ఆజాద్ వేరు. తెలుగులో ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. నేను ఇక్కడ ముచ్చటిస్తున్నది ముఫ్త్‌ను గురించి మాత్రమే.

ఈ రెండు రూపాల సంప్రదాయానికి ఆసక్తికరమైన చరిత్ర ఉన్నది. అమెరికాలో ఐ.బి.ఎం. ఉద్యోగి జిమ్ నాఫ్ తమ ప్రార్థనా మందిర సభ్యుల చిరునామాలు ముద్రించడానికి ఒక ప్రోగ్రాము వ్రాసుకొన్నాడు. అడిగిన మిత్రులకు ప్రతులు ఇచ్చాడు. అడిగేవారు పెరిగారు, సవరించిన ప్రతులు పంపడానికి తపాలా ఖర్చు మోయలేనంత అయింది. అప్పుడు ఆయన ప్రోగ్రాములోనే ఒక విన్నపం చేర్చాడు: ఇది మీకు ఉపయోగపడితే కొంత సొమ్ము పంపండి, మిత్రులకు కూడా ప్రతి ఇవ్వండి అని. ఇది 1982 నాటి మాట. అదే సంవత్సరం ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ 'పీసీ-టాక్' అనే తన ప్రోగ్రామును ఇదే పద్ధతిలో విడుదల చేశాడు. ఒకరినొకరు ఎరుగని ఇద్దరికి ఒకే ఆలోచన తట్టడం విశేషం. తరువాత ఇద్దరూ సంప్రదించుకొని 25 డాలర్లు అనే ఒకే మొత్తాన్ని నిర్ణయించుకొన్నారు. బలవంతం లేదు, తాళం లేదు. అయినా జనం పంపారు. 1984లో నాఫ్ తన ఉద్యోగం విడిచి, పూర్తిగా ఈ పనిపైనే నిలబడగలిగాడు.

బాబ్ వాలెస్ 1983లో 'పీసీ-రైట్' అనే లేఖన ప్రోగ్రాముతో మరొక అడుగు ముందుకు వేశాడు. 75 డాలర్లు కట్టి నమోదైన వ్యక్తి తన ప్రతిని ఇతరులకు ఇవ్వగా, వారిలో ఎవరైనా నమోదైతే, మొదటి వ్యక్తికి 25 డాలర్లు ముట్టేవి. పంచుకోవడమే ప్రచారమైంది. ఈ పద్ధతికి 'షేర్‌వేర్' అనే పేరు స్థిరపడింది. 1993 డిసెంబరులో వచ్చిన 'డూమ్' ఆట మొదటి ఖండాన్ని ఉచితంగా పంచి, మిగిలిన రెండు ఖండాలను వెలకు ఇచ్చింది. మన గ్రంథాలయాలలోని కంప్యూటర్లలో తరచు కనిపించే 'విన్‌రార్' నలభై రోజుల గడువు ముగిసినా పని మానదు. కొనవలసిందని మర్యాదగా జ్ఞాపకం చేస్తూ ఉంటుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఆడమ్స్ సోదరుల కథ. గణితంలో డాక్టరేటు పొందిన టార్న్ ఆడమ్స్ అధ్యాపక జీవితాన్ని కాదనుకొని, అన్న జాక్‌తో కలిసి 'డ్వార్ఫ్ ఫోర్ట్రెస్' అనే ఆటను 2006లో లోకానికి ఉచితంగా ఇచ్చాడు. పదహారేళ్ళు వారిద్దరూ అభిమానుల విరాళాలపైనే జీవించారు. ఇంతలో జాక్‌కు చర్మ క్యాన్సర్ వచ్చింది. భార్య ఉద్యోగం వల్ల లభించిన బీమా ఆదుకొన్నది గాని, ఆ బీమా లేకుంటే ఏమయ్యేదన్న ప్రశ్న ఇద్దరినీ కదిలించింది. 2022 డిసెంబరులో బొమ్మలతో, సంగీతంతో అలంకరించిన రూపాన్ని సుమారు 30 డాలర్ల వెలకు విడుదల చేశారు. ఒక నెల ముగిసేసరికి దాదాపు ఐదు లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. ఇందులో గమనార్హమైన విషయం ఒకటున్నది. కేవలం అక్షరాలు, చిహ్నాలతో నడిచే పాత రూపాన్ని వారు ఉపసంహరించలేదు. అది నేటికీ ఉచితమే. ఇచ్చినదానిని తిరిగి లాక్కోకుండా, కొత్తగా చేర్చిన సౌఖ్యానికి మాత్రమే వెల అడిగారు. ఔచిత్యమంటే ఇదే.

మన భాషలకు కూడా ఇటువంటి ఉపకారులు లేకపోలేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన అక్షరరూపాలు తెలుగువారికి ఉచితంగానే లభించాయి. ఉర్దూ పుటలకు చిరకాలంగా ఆధారమైన 'ఇన్‌పేజ్' మాత్రం వెల గల సాఫ్ట్‌వేర్. చలివేంద్రంలో నీరు ఉచితమే గాని కుండను ఎవరో కొన్నారన్న సంగతి దాహం తీరినవాడు మరువరాదు.

ఇక మన ఆవరణలోనే జరిగిన ఒక సంగతి. బి.ఎస్సీ. రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు ఉర్దూ మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలకు తెలుగు మాటలు నేర్పే ఒక మొబైల్ యాప్ తయారు చేశాడు. తండ్రి దర్జీ, పాత లాప్‌టాప్ అప్పుచేసి కొన్నది. గూగుల్ ప్లేలో ప్రచురించడానికి ఒక పర్యాయం కట్టవలసిన 25 డాలర్ల రుసుము కూడా ఆ ఇంటికి భారమే. "సార్, అంతా ముఫ్త్‌గా ఇవ్వమని దోస్తులు అంటున్నారు. అమ్మీ మాత్రం, ఫీజుకు ఎదురుచూస్తూ ఊరికే పంచుతావా బేటా అంటున్నది. ఏమి చేయమంటారు?" అని అడిగాడు. మాటలూ అర్థాలూ అందరికీ ఉచితంగా ఉంచి, ఉచ్చారణ ధ్వనులకు, అభ్యాసాలకు యాభై రూపాయలు పెట్టమన్నాను. అలాగే చేశాడు. కొందరు కొన్నారు.

నెల తిరగకముందే అతని సహాధ్యాయి ఒకడు ఆ వెల గల భాగానికి ఉన్న తాళాన్ని ఛేదించి, తరగతి వాట్సాప్ బృందంలో అందరికీ పంచిపెట్టాడు. అందులో అతనికి దురుద్దేశం లేదు. తన నేర్పు చూపించాలన్న ఉత్సాహమే. ఎవరూ తప్పనలేదు. చాలామంది మెచ్చుకొన్నారు. యాప్ వ్రాసిన కుర్రవాడు కూడా ఏమీ అనలేదు. కాని ఆనాటి నుంచి అతడు ఆ పనిని ముట్టలేదు. చేర్చవలసిన మాటలు చేర్చలేదు, దొర్లిన తప్పులు దిద్దలేదు. నష్టపోయినది యాభై రూపాయల లెక్క కాదు. రేపు దానితో తెలుగు నేర్చుకోవలసిన పిల్లలు.

'మాలె ముఫ్త్, దిలె బేరహమ్' అని ఉర్దూలో ఒక సామెత. ఊరికే వచ్చిన సొమ్ముపై మనస్సుకు దయ ఉండదని భావం. దానమిచ్చిన ఆవుకు పళ్ళు ఎంచవద్దని తెలుగు సామెత చెబుతుంది. మనం పళ్ళు ఎంచడంతో ఆగక, దాత గాదెకు కన్నం వేస్తున్నాము.

పేదవాడు వెల కట్టలేకపోతే ఏమిటని మీరు ప్రశ్నించవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఉచిత రూపం తనంతట తాను పూర్ణంగా, నిజంగా అక్కరకు వచ్చేదిగా ఉండాలి. ఆశచూపి మధ్యలో ద్వారం మూసే రూపం ఉచితం కాదు, ఎర. రచయిత ధర్మం అది. శక్తి గలవాడు వెల చెల్లించడం, శక్తి లేనివాడు కనీసం ఒక కృతజ్ఞతా వాక్యం వ్రాయడం, దోషం కనిపిస్తే తెలియజేయడం వాడుకరి ధర్మం. ఈ రెండు ధర్మాలు కలిసినప్పుడే 'ఉచితం' తన పాత అర్థాన్ని తిరిగి పొందుతుంది.

కళాశాల కార్యవర్గానికి ఒక మనవి. మన ప్రయోగశాలలోనూ కార్యాలయంలోనూ గడువు దాటి వాడుతున్న చిన్న సాఫ్ట్‌వేర్‌ల జాబితా తయారు చేయించి, వాటి వెల చెల్లించడానికి ప్రతి యేటా కొద్ది మొత్తం కేటాయించవలసిందిగా కోరుతున్నాను. పెద్దలు చేసి చూపితేనే పిల్లలకు పాఠం.

విద్యార్థి మిత్రులారా! తాళం ఛేదించిన ఆ యువకుడు కూడా ఈ పుట చదువుతాడని నాకు తెలుసు. అతని తెలివిపై నాకు గౌరవమే. ఆ తెలివితో అతడు తన మిత్రుని పక్కన కూర్చుని, ఆగిపోయిన పనికి ఒక చేయి వేస్తే, ఆ చిన్న యాప్ మళ్ళీ నడుస్తుంది. ఆ కుర్రవాడు కాదనడని నా నమ్మకం.