మామిడికి బెట్ట, ఆపిలుకు చలి



బజారులో ఎఱ్ఱగా పేర్చిన ఆపిలుపండ్లను చూచి, ఈ చెట్టు మన దొడ్డిలో ఎందుకు కాయదని మీ పిల్లలు మిమ్మును అడిగియుందురు. మన నేల చెడ్డదని కాదు, మనకు చాలినంత చలి లేదు. ఆపిలుచెట్టు శీతకాలమున ఆకు రాల్చి నిద్రించును. 7 డిగ్రీలకు లోపు చలి సుమారు 1,000 గంటలు సోకితేనే గాని పేరుపొందిన పాతరకముల మొగ్గలు సరిగా మేల్కొనవు. 1916లో శామ్యూల్ ఎవాన్స్ స్టోక్స్ అను అమెరికా దేశస్థుడు హిమాచల ప్రదేశములోని కోట్‌గఢ్ కొండలలో తన దేశపు ఆపిలు మొక్కలు నాటగా, అక్కడి చలి వాటికి సరిపడి అవి వర్ధిల్లెను. తక్కువ చలితో కాయు రకములను ఇటీవల కొందరు మైదానములలోను పెంచుచున్నారు. అయితే చలి కోరు చెట్టును ఎండలో నాటి కాయించినవారు లేరు.

మన బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. దానిని ఆ కొండమీద నాటినయెడల మంచు దాని లేతకొమ్మలను మాడ్చివేయును. దానికి కావలసినది వేరు. వానలు వెనుకబట్టిన తరువాత రెండు మూడు నెలలు బెట్టయు, చల్లని రాత్రులును ఉండవలెను. అప్పుడే కొమ్మ ముదిరి పూతకు సిద్ధపడును. ఆ దినములలో వాన కురిసినను, మనమే జాలిపడి నీళ్లు పెట్టినను, చెట్టు పూతకు బదులు చిగురు వేయును. కంటికి పచ్చగానే యుండును, బుట్టలోనికి మాత్రము కాయ రాదు.

పరిశుద్ధ దేశమందును ఇట్లే యున్నది. యెరికో సముద్రమట్టమునకు సుమారు 250 మీటర్లు దిగువనున్న వేడి పల్లము. జక్కయ్య ఎక్కిన మేడిచెట్టు గట్టి మంచుకు తాళలేదు గనుక అట్టి పల్లములలోనే పెరుగును. అక్కడనుండి యెరూషలేము వైపు సుమారు 25 కిలోమీటర్లు ఎక్కిపోయినచో ఒలీవల కొండ. ఒలీవ పూయుటకు శీతకాలపు చలి కావలెను. ఒక్క దినపు నడకలో రెండు వాతావరణములు, రెండు చెట్లు! ఒలీవల కొండకు వచ్చి నన్ను కలిసికొనుమని ప్రభువు జక్కయ్యతో అనలేదు. ఆ పల్లపు చెట్టు క్రిందనే నిలిచి అతనిని పేరుపెట్టి పిలిచెను.

పట్నపు సంఘమునకున్న పెద్ద మందిరము, వాద్యములు మనకు లేవని మన పల్లె సంఘములు క్రుంగుచున్నవి. గాని రోగి మంచముచుట్టు పేటయంతయు కూడి ప్రార్థించుట, కుండలోనుండి పిడికెడు బియ్యము దేవునికని తీసిపెట్టుట మన నేలలో కాచిన ఫలములు కావా? మన లేమి అను బెట్టలోనే అవి పూచినవి.

అయితే ఒక మాట జాగ్రత్తగా వినుడి. చెట్టుకు కావలసిన బెట్ట వేరు, పూతమీద పడు అకాలవర్షము వేరు. మబ్బు, పొగమంచు పట్టినచో బూడిదతెగులు, తేనెమంచు పురుగు పూతను తినివేయును. వేసవి గాలివాన కాయలను నేల రాల్చును. ఆ గాలి చెట్టుకు మేలు చేసినదని ఏ రైతును అనడు. కాబట్టి పంట పోయిన వానియొద్దకు, బిడ్డను మట్టికి అప్పగించిన తల్లియొద్దకు వెళ్లి, ఇదంతయు మీ మేలుకొరకేయని తొందరపడి చెప్పకుడి. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా కూర్చున్నంతవరకు మంచివారే. నోరు తెరచిన తరువాతనే గదా తప్పిపోయిరి! మీరు అన్నము వండి తీసికొనిపోయి వారి ప్రక్కన కూర్చుండుడి. రాలిన కాయలు ఏరుటకు చేయి సాయము చేయుడి.

ఇప్పుడు మీ యింట నున్నది బెట్టయా, గాలివానయా? ప్రక్కవాడు బయటనుండి దానిని తీర్పుతీర్చలేడు. బెట్టయైనచో ఓర్చుకొనుడి, కొమ్మ ముదురుచున్నది. గాలివానయైనచో సిగ్గుపడక మీ సంఘమునకు చెప్పుడి. మీ కన్నీరు చూచి తానును కన్నీరు విడుచు ప్రభువు మనకున్నాడు. ఆయన సంఘము మీ గుమ్మము దాటి ఊరక పోకుండునుగాక. ఆమేన్.