మయసభలో మన పిల్లలు

మాయాలోకాలు మనకి కొత్త కావు. త్రిశంకుడి కోసం విశ్వామిత్రుడు ఆకాశంలో ఓ స్వర్గమే సృష్టించాడు. మయుడు 14 నెలలు శ్రమపడి పాండవులకు సభ కట్టిపెట్టాడు. కొత్త ఏమిటంటే, వెనకటి రోజుల్లో రాజులకే దక్కిన ఆ వైభోగం ఇప్పుడు మూడు గదుల ఇంట్లో, కుర్రవాడి చదువు బల్ల మీద తెరలో ఇమిడిపోయింది.

మా వాడు తొమ్మిదో తరగతి. వాడికి మైన్‌క్రాఫ్ట్ అనే లోకంలో ఓ కోట, రెండు పొలాలూ, గొర్రెల మందా ఉన్నాయి. 2011లో పూర్తి రూపంలో వెలువడిన కంప్యూటర్ ఆట అది. అక్కడ మన్నూ, కర్రా, రాయీ అన్నీ దిమ్మలే. తవ్వుకోవడం, పేర్చుకోవడం, కట్టుకోవడం. ఒక పగలూ ఒక రాత్రీ గడవడానికి మన గడియారంలో 20 నిమిషాలు చాలు. అంచేత "ఈ ఒక్క రాత్రీ తెల్లారనీ నాన్నా!" అంటే కాదనడం కష్టం. గంటకి మూడు రోజుల చొప్పున వాడక్కడ కాలం వెళ్లబుచ్చుతూంటే, ఇక్కడ కంచంలో అన్నం చల్లారిపోతుంది. అక్కడ కాలవ తవ్వి చేలు తడిపే మహారైతు, ఇంట్లో బిందెడు నీళ్లు పట్టమంటే విసుక్కుంటాడు. "ఆ మాయదారి ఆటని తీసుకెళ్లి గంగలో కలపండి" అని మా ఆవిడ తీర్పు.

తీర్పులో న్యాయం లేకపోలేదు. ఆట ధ్యాసలో తక్కిన పనులన్నీ వెనకబడి, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా ఆపుకోలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో జబ్బుల జాబితాలోకి ఎక్కించింది. అయితే ఆడిన ప్రతివాడూ రోగి కాదు. ఆ ధోరణి సాధారణంగా 12 నెలలపాటు కనబడాలని కూడా ఆ సంస్థే చెప్పింది.

మా ఆవిడ గంగ మాట ఎత్తినప్పుడల్లా నాకు నార్వే దేశపు కుర్రవాడొకడు గుర్తుకొస్తాడు. పేరు మాట్స్ స్టీన్. కండరాలు నానాటికీ క్షీణించే జబ్బుతో పుట్టి, చక్రాల కుర్చీకి అంకితమై, 2014లో 25వ ఏట కన్నుమూశాడు. స్నేహమంటే ఎరగకుండానే పోయాడని తల్లిదండ్రులు కుమిలిపోయారు. తీరా చావు కబురు ఇంటర్నెట్‌లో తెలియజేసేసరికి, దేశదేశాల నుంచి ఉత్తరాలు! వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆటలో ఇబెలిన్ అన్న పేరుతో అతను ఎందరికో ఆప్తుడు. కొడుకుతో మాటామంతీ కుదరక బాధపడే ఓ తల్లికి, ఆటలోకే వచ్చి వాణ్ణి పలకరించమని సలహా చెప్పినవాడూ అతనే. కొందరు మిత్రులు అంత్యక్రియలకు స్వయంగా వచ్చారు. 2024లో ఆ కథ డాక్యుమెంటరీ చిత్రమైంది.

నడవలేనివాడికి ఆ లోకం కాళ్లిచ్చింది. నడవగలవాణ్ణి కుర్చీలో కూలేస్తున్నదీ అలాంటి లోకమే. మరి తప్పు లోకానిదా?

మయసభనే చూడండి. మడుగుని నేల అనుకుని దుర్యోధనుడు అందులో పడ్డాడు. అదే సభలో పాండవులు హాయిగా కొలువు తీర్చారు. ఏది నీరో ఏది నేలో వాళ్లకు తెలుసు. రారాజుకి మాత్రం "ఇక్కడ నీళ్లున్నాయి, చూసుకో" అని ముందుగా చెప్పినవాడు లేడు, పడ్డాక నవ్వినవాళ్లున్నారు. మన ఇళ్లలోనూ వెక్కిరించేవాళ్లం, తిట్టేవాళ్లం ఉన్నాం. "లోపల ఏముందిరా, నీతో ఎవరున్నారు?" అని పక్కన కూర్చుని అడిగేవాళ్లే తక్కువ.

అడిగితే తెలిసింది. మా వాడి కోటలో సగం వాటాదారు, వాడితో ఒకే బెంచీ మీద చదువుకుని, తండ్రి ఉద్యోగం వల్ల డల్లాస్ వెళ్లిపోయిన పిల్లవాడట. మనకి ఆదివారం పొద్దున, వాళ్లకి శనివారం రాత్రి. ఆ వేళకి ఇద్దరూ కలిసి గోడ కడతారు. ఆటని గంగలో కలిపితే ఈ స్నేహమూ దాంతోనే పోతుంది. అంచేత ఇంట్లో ఓ ఒడంబడిక కుదిరింది. బల్ల గదిలోంచి హాల్లోకి రావాలి. రాత్రి తొమ్మిదికి కోట తలుపులు మూయాలి. వడ్డన పిలుపు వినబడితే ఏ యుద్ధమైనా ఆగాలి. పెద్దవాళ్లు అడిగితే కోట చూపించాలి.

మొదట అడిగింది మా అమ్మ. కళ్లజోడు సవరించుకుని కోటంతా పరికించి, "ఇంత ఇల్లు కట్టారు, వంటిల్లేదిరా?" అంది. ఇక్కడ వీడూ, డల్లాస్‌లో వాడూ తెల్లబోయారు. మరుసటి వారానికి వంటిల్లూ, పెరట్లో తులసికోటా వెలిశాయి. ఇప్పుడు ఆదివారం తెల్లవారేసరికి వాడికంటే ముందు ఆవిడే తెర ముందు కుర్చీ వేసుక్కూర్చుంటోంది. దీనిమీద మా ఆవిడ తీర్పు ఇంకా వెలువడలేదు.